మిలాన్ నుంచి వెనిస్ దాకా: వెర్డీ బాటలో ఒక యాత్ర

మొదటి రోజు: మిలాన్

ఉత్తర ఇటలీలో ఒపెరా (పాటలతో నడిచే నాటకం) ప్రియులకు అక్టోబరు పండుగ నెల. 1813 అక్టోబరు 10న పుట్టిన ఒపెరా స్వరకర్త జుసెప్పె వెర్డీ పేరిట పార్మా నగరంలో ఏటా జరిగే ఉత్సవం ఈ రోజుల్లోనే ఉంటుంది; మిలాన్‌లో లా స్కాలా, వెనిస్‌లో లా ఫెనిచే రంగశాలలు ప్రేక్షకులతో కళకళలాడుతుంటాయి; ద్రాక్ష కోతలు ముగిసి, వంటశాలల్లోకి గుమ్మడికాయలు, అడవి పుట్టగొడుగులు వచ్చి చేరుతాయి. సంగీతాన్ని, చిత్రకళను, భోజనాన్ని ఒకే వరుసలో పెట్టి, చిన్న బృందాన్ని వెంట తిప్పే యాత్ర ఒకదానిలో నేనూ నా భార్యా చేరాము. ఇలాంటి యాత్రలకు ఖర్చు చాలా ఎక్కువ అవుతుందన్న మాట నిజమే. అయితే ఆ ఖర్చులో మెత్తటి పరుపులకు, కారు ప్రయాణాలకు పోయిన భాగం కంటే, మధ్యాహ్నాలను ఖాళీగా ఉంచి, ఆ సాయంత్రం వినబోయే ఒపెరా కథను, మాటలను ముందుగా మా చేత చదివించిన మార్గదర్శికి పెట్టిన భాగమే ఎక్కువ విలువైనదని నా అభిప్రాయం. ఆమె సంగీతశాస్త్రం చదువుకున్న మిలాన్ మహిళ. పాటలోని ఒక్కొక్క వాక్యాన్నీ ఇటాలియన్‌లో చదివి, అర్థం చెప్పి, ఆ తరువాతే రాగం వినిపించేవారు.

మా బస వియా మంజోనిలోని గ్రాండ్ హోటల్ ఎ ద మిలాన్‌లో. వెర్డీ మిలాన్ వచ్చినప్పుడు ఏళ్ల తరబడి దిగిన హోటల్ ఇది. 1901 జనవరి 27న ఆయన కన్నుమూసినది కూడా ఇక్కడే. పక్షవాతంతో ఆయన మంచం పట్టిన ఆ చివరి రోజుల్లో, గుర్రపు బండ్ల చప్పుడు ఆయన చెవిన పడకుండా ఈ వీధిలో గడ్డి పరిచారు. లా స్కాలా ఇక్కడికి నాలుగడుగుల దూరం.

ఆ రాత్రి భోజనంలో ప్రధానమైనది కుంకుమపువ్వు రిసొట్టో. బియ్యాన్ని వెన్నలో వేయించి, వేడి మాంసరసాన్ని గరిటె గరిటెగా పోస్తూ, ఒక విడత ఇంకిన తరువాతే మరో విడత పోసి ఉడికిస్తారు. పొయ్యి మీద నుంచి దించాక చల్లటి వెన్న, తురిమిన చీజ్ వేసి గట్టిగా కలుపుతారు. గింజ బయట మెత్తగా, లోపల కాస్త పలుకుగా ఉండాలి. పళ్లెంలో వడ్డించినప్పుడు అది ముద్దగా నిలబడకుండా అల మాదిరిగా పరుచుకోవాలి. సంప్రదాయ పద్ధతిలో ఇందులో ఎద్దు ఎముకలోని మూలుగ కూడా పడుతుంది. నా భార్య శాకాహారి కావడంతో ఆమె కోసం మూలుగ లేకుండా, కూరగాయల రసంతో, చీజ్ వేయకుండా విడిగా వండి తెచ్చారు. చీజ్ వద్దనడానికి కారణం పార్మా రోజుల్లో చెబుతాను.

రెండో రోజు: మిలాన్

ఉదయమే సాంతా మరియా దెల్లె గ్రాజియె మఠానికి వెళ్లాము. సన్యాసుల భోజనశాల గోడ మీద లియొనార్డో డావించి సుమారు 1495 నుంచి 1498 వరకు చిత్రించిన లాస్ట్ సప్పర్ ఇక్కడ ఉంది. గాలిలోని దుమ్మును, తేమను అదుపులో ఉంచడానికి లోపలికి కొద్దిమందినే పంపుతారు. ఒక తలుపు మూసుకున్న తరువాతే మరో తలుపు తెరుచుకుంటుంది. లోపల ఉండనిచ్చేది 15 నిమిషాలే. తడి సున్నం మీద త్వరత్వరగా వేయవలసిన ఫ్రెస్కో పద్ధతి లియొనార్డో తీరిక చేతికి సరిపడలేదు. ఆయన పొడి గోడ మీద నిదానంగా, మార్పులు చేసుకుంటూ వేశారు. అందుకే ఆయన బతికుండగానే రంగులు పెచ్చులు ఊడడం మొదలైంది. 1652లో సన్యాసులు ఈ గోడకు తలుపు పెట్టడంతో క్రీస్తు పాదాలు పోయాయి. 1943 ఆగస్టులో పడిన బాంబుకు భోజనశాల చాలావరకు కూలినా, ఇసుక బస్తాలు అడ్డుగా పేర్చిన ఈ గోడ నిలిచింది. 1978లో మొదలైన మరమ్మతు 1999లో గాని పూర్తి కాలేదు.

మా మార్గదర్శి మమ్మల్ని మొదట ఎదుటి గోడ వైపు తిప్పారు. అక్కడ దొనాతో మొంతొర్ఫానో 1495లో ఫ్రెస్కో పద్ధతిలో వేసిన క్రీస్తు శిలువ చిత్రం నేటికీ గట్టిగా, స్పష్టంగా ఉంది. తరువాత ఇటు తిరిగితే రెండు చిత్రాల మధ్య ఉన్న తేడా ఒక్కసారిగా తెలిసింది. మొంతొర్ఫానో గోడ మీద జనం కిక్కిరిసి ఉన్నారు, ఎవరి పని వారిది. లియొనార్డో గోడ మీద, “మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడు” అన్న క్రీస్తు ఒక్క మాట శిష్యులు కూర్చున్న బల్ల పొడవునా పరుగెడుతూ ఒక్కొక్క చేతినీ ఒక్కొక్క తీరుగా కదిలిస్తుంది. గదిలోని గీతలన్నీ వచ్చి కలిసే బిందువు క్రీస్తు కణత దగ్గర ఉంది. అక్కడ మేకు దిగిన చిన్న రంధ్రం మరమ్మతులో బయటపడింది. ఆ మేకుకు దారాలు కట్టి గదిని గీశారన్నమాట. ఇంత శిథిలమైన చిత్రం ఇంకా మాట్లాడుతూనే ఉందంటే ఆ బలం రంగులది కాదు, ఆ కూర్పుది.

బ్రెరా చిత్రశాలకు మాకు గంటన్నర మాత్రమే దక్కింది, అది చాలదు. మాంతెన్యా వేసిన మృత క్రీస్తు ముందు, పాదాల వైపు నుంచి శరీరాన్ని చూపిన ఆ చిత్రం ముందు, నాకు ఇంకా నిలబడాలని ఉంది.

మధ్యాహ్నం పియాత్సా బువొనరోతిలోని కాసా వెర్డీకి వెళ్లాము. వృద్ధాప్యంలో ఆసరా లేని సంగీతకారుల కోసం వెర్డీ తన సొమ్ముతో కట్టించిన ఇల్లు ఇది. భవనం 1899 నాటికి సిద్ధమైనా, తనకు ఎవరూ కృతజ్ఞతలు చెప్పరాదన్న పట్టుదలతో తాను పోయిన తరువాతే తెరవాలని ఆయన కోరారు, 1902లో తెరిచారు. నేటికీ ఇక్కడ విశ్రాంత గాయకులు, వాద్యకారులు నివసిస్తున్నారు. కింద ఉన్న సమాధి గదిలో వెర్డీ, ఆయన రెండో భార్య, గాయని జుసెప్పీనా స్ట్రెప్పోని పక్కపక్కనే ఉన్నారు. 1901 ఫిబ్రవరిలో వారిద్దరి దేహాలను ఇక్కడికి తరలించినప్పుడు, తొస్కానీని సంగీత నిర్వహణలో 800 మందికి పైగా గాయకులు వెర్డీ ఒపెరా ‘నబుక్కో’లోని బానిసల బృందగానాన్ని పాడారు.

ఆ సాయంత్రం లా స్కాలాలో మేము విన్నది ఆ ‘నబుక్కో’యే. 1778 ఆగస్టు 3న సాలియేరి రచించిన ఒపెరాతో తెరుచుకున్న ఈ రంగశాలలో 1842 మార్చి 9న ‘నబుక్కో’ తొలి ప్రదర్శన జరిగింది. అప్పటికి వెర్డీ తన ఇద్దరు పిల్లలను, మొదటి భార్య మార్గెరీతాను రెండేళ్ల లోపే పోగొట్టుకున్నారు. ఆ దుఃఖంలో రాసిన హాస్య ఒపెరా ఇదే వేదిక మీద ఘోరంగా విఫలమైంది. ఇక రాయనని చెప్పిన మనిషి చేత రంగశాల నిర్వాహకుడు మెరెల్లి పట్టుబట్టి ‘నబుక్కో’ రాయించారు. ఆ ఏటి శరత్తులో అది 57 సార్లు ప్రదర్శితమైంది. తొలి ప్రదర్శనలో అబిగైల్లె పాత్ర పాడినది స్ట్రెప్పోని. మధ్యాహ్నం ఆ ఇద్దరి సమాధుల దగ్గర నిలబడి వచ్చి, సాయంత్రం ఆమె పాడిన వేదిక ముందు కూర్చోవడం మా కార్యక్రమాన్ని అల్లినవారి నేర్పు.

కుర్చీ వెనుక అమర్చిన చిన్న తెర మీద మాటలు వస్తాయి. నేను కొంతసేపటికి దాన్ని ఆపేశాను, కథ ముందే చదివి ఉన్నాను గనుక. యూఫ్రటీస్ ఒడ్డున బందీలైన యూదులు తమ దేశాన్ని తలచుకునే ఆ బృందగానం మొదలైనప్పుడు వేదిక మీద దాదాపు ఏ కదలికా లేదు. ఎక్కువ భాగం అందరూ ఒకే స్వరంలో, బిగ్గరగా కాక లోగొంతుతో పాడతారు. నడుమ ఒక్కచోట ఆ గొంతులు విడివడి పైకి లేచి, మళ్లీ ఒకటవుతాయి. చివరి స్వరాన్ని ఎంతసేపు నిలిపారో చెప్పలేను. అది ఎక్కడ ఆగిందో, నిశ్శబ్దం ఎక్కడ మొదలైందో నా చెవికి తెలియలేదు. పై అంతస్తు గ్యాలరీల్లో, తక్కువ ధర టికెట్ల మీద దశాబ్దాలుగా వస్తూ, నచ్చని గాయకులను నిర్మొహమాటంగా గేలి చేసే రసికులు అప్పటిదాకా ఊపిరి బిగబట్టి, తరువాత ఒక్కసారిగా గర్జించారు.

మూడో రోజు: పార్మా

మిలాన్ నుంచి పార్మా సుమారు 120 కిలోమీటర్లు. దారి పొడవునా బల్లపరుపు నేల, పశుగ్రాసపు పొలాలు.

పార్మా ప్రధాన చర్చి గుమ్మటంలో కొర్రెజ్జో 1526 నుంచి 1530 వరకు వేసిన మరియమాత స్వర్గారోహణను చూడాలంటే మెడ బాగా వెనక్కు వంచాలి. వలయాలు వలయాలుగా మేఘాలు, వాటి మీద దేవదూతలు, పరిశుద్ధులు. చూసేవారు కింద ఉన్నారు గనుక వారికి కనిపించేవి ముఖ్యంగా కాళ్లు, పాదాలు, అరికాళ్లు. గుమ్మటం అనే కట్టడం అక్కడ లేనట్టే ఉంటుంది, పసుపు వెలుతురు తప్ప. దీన్ని చూసిన అప్పటి ఒక మతాధికారి కప్పకాళ్ల వేపుడని ఈసడించారనీ, గుమ్మటాన్ని బోర్లించి బంగారంతో నింపినా దీని వెలకు సరిపోదని వెనిస్ చిత్రకారుడు టిషియన్ అన్నారనీ చెబుతారు. పదిహేడో శతాబ్దపు బరోక్ శైలి చిత్రకారులు గుమ్మటాలను ఆకాశాలుగా మార్చడానికి ఒక శతాబ్దం ముందే ఈయన ఆ పని చేసి చూపారు.

పిలొత్తా రాజభవనంలోని తియేత్రో ఫర్నేసె పూర్తిగా కలపతో కట్టిన రంగశాల. 1618లో సిద్ధమైనా, 1628లో ఫర్నేసె వంశపు యువ ప్రభువు పెళ్లికి గాని ప్రారంభం కాలేదు. ఆ ప్రదర్శనకు సంగీతం మొంతెవెర్దీ సమకూర్చారు. చివరలో ప్రాంగణాన్ని నీటితో నింపి నౌకాయుద్ధం ఆడారు. 1944 మే నెలలో పడిన బాంబుకు కూలిన దీన్ని మళ్లీ పాత కొలతలతో కట్టారు. రంగులు పూయని కొత్త కలప ఏది, పాతది ఏది అన్నది చూపుకు దాచలేదు, ఆ నిజాయితీ నాకు నచ్చింది.

నాలుగో రోజు: పార్మా

ఉదయం ఏడింటికల్లా ఊరి బయట ఒక చీజ్ కార్ఖానాకు చేరాము. పార్మిజానో రెజ్జానోకు నిన్న సాయంత్రం పితికిన పాలు రాత్రంతా నిలవ ఉంచి మీగడ తీసి, ఈ ఉదయం పాలతో కలుపుతారు. గంట ఆకారంలో ఉన్న రాగి కాగుల్లో ఆ పాలను గోరువెచ్చగా వేడిచేసి, రెనెట్ వేసి విరగ్గొడతారు. విరిగిన ముద్దను తీగలు కట్టిన పొడవాటి కవ్వంతో బియ్యపు గింజంత పలుకులయ్యేదాకా చిలుకుతారు. కాసేపటికి ఆ పలుకులు అడుగుకు దిగి ముద్ద కడతాయి; ఇద్దరు పనివారు కాగుకు చెరో పక్క నిలబడి, వెడల్పాటి చెక్క తెడ్డుతో ముద్దను పైకి లేపి, దాని కిందుగా నారగుడ్డ తోసి, గుడ్డ కొసలను అడ్డకర్రకు ముడివేసి, ఆ బరువును రెండు ముక్కలుగా కోశారు. ఒక్కో కాగుకు రెండు చక్రాలే. ఒక్కో చక్రానికి సుమారు 550 లీటర్ల పాలు పడతాయి. ఉప్పునీటి తొట్టెల్లో కొన్ని వారాలు నానిన తరువాత అవి కప్పు తాకే చెక్క అరల మీదికి చేరి కనీసం 12 నెలలు మాగుతాయి. అప్పుడు పరీక్షకుడు వచ్చి చిన్న సుత్తితో అంచు చుట్టూ తట్టి, చప్పుడును బట్టి లోపల బీట ఉన్నదీ లేనిదీ చెబుతాడు. మాకు చూపించడానికి ఒక చక్రాన్ని తట్టినప్పుడు ఎక్కడ తట్టినా ఒకే ధ్వని వచ్చింది. చెవితో తీర్పు చెప్పే వృత్తులు ఈ ఊరిలో రంగశాల బయట కూడా ఉన్నాయి.

మన శాకాహారులు గమనించవలసినది ఇక్కడ ఉంది. ఈ చీజ్‌కు వాడే రెనెట్ పాలు తాగే దూడ కడుపు నుంచి తీసినది. నియమావళి ప్రకారం మరొకటి వాడకూడదు. ఇటలీలో మాంసం లేని వంట అని తెచ్చిపెట్టే వాటిలో చాలావాటి మీద ఇదే చీజ్ తురుము ఉంటుంది. హోటల్‌లో శాకాహారులమని చెబితే సరిపోదు, పార్మిజానో కూడా వద్దని విడిగా చెప్పాలి. చెబితే ఎక్కడా విసుక్కోలేదు. ఆ మధ్యాహ్నం నా భార్యకు గుమ్మడి ముద్ద నింపిన తొర్తెల్లి అనే పాస్తాను చీజ్ లేకుండా చేసి, ఉత్త వెన్నతో, సేజ్ ఆకుతో వడ్డించారు.

సాయంత్రం తియేత్రో రేజియోలో ‘రిగొలెట్టో’. నెపోలియన్ రెండో భార్య మరీ లూయీజ్ పాలనలో 1829లో తెరిచిన రంగశాల ఇది. విక్తోర్ హ్యూగో నాటకం ఆధారంగా రాసిన వెర్డీ వెనిస్ రంగశాల కోసం రాసిన ఈ ఒపెరాలో స్త్రీలోలుడైన ప్రభువు మొదట ఫ్రాన్సు రాజు. వెనిస్‌ను ఏలుతున్న ఆస్ట్రియా వారి సెన్సారు ఒప్పుకోకపోవడంతో ఆయన మాంతువా డ్యూక్ అయ్యాడు. మూడో అంకంలో నలుగురు ఒకేసారి పాడతారు: డ్యూక్ ఒక స్త్రీని వలలో వేసుకుంటుంటే ఆమె నవ్వుతుంది, గోడ అవతల నుంచి అది చూస్తున్న, అతన్ని ప్రేమించిన జిల్దా గుండె పగులుతుంది, ఆమె తండ్రి రిగొలెట్టో పగకు సిద్ధమవుతాడు. నాటకంలో నలుగురు ఒకేసారి మాట్లాడితే గోల. ఇక్కడ నాలుగు మనసులూ విడివిడిగా వినిపించాయి. ఆ తరువాతి తుపానులో గాలి హోరు కోసం, తెర వెనుక పురుషుల బృందం పెదవులు మూసి మూలుగుతుంది. అది వాద్యం కాదు, మనుషుల గొంతు అని తెలిసి వింటే వెన్ను జలదరించింది.

రెండో అంకం చివర తండ్రీకూతుళ్ల ప్రతీకార యుగళగీతం ముగియగానే పై నుంచి “బిస్! బిస్!” అని కేకలు లేచాయి, గాయకులిద్దరూ మూసిన తెర ముందుకు వచ్చి ఆ గీతాన్ని మళ్లీ మొదటి నుంచి పాడారు. మన పద్యనాటకాల్లో రాగం తీసిన నటుణ్ణి ‘వన్స్ మోర్’ అంటూ వెనక్కు పిలిచే ప్రేక్షకులను చూసినవారికి ఆ వేడి పరిచితమే. మిలాన్‌లో ఈ ఆచారం దాదాపు లేదు. అక్కడ 2007లో టెనర్ గాయకుడు హువాన్ డియేగో ఫ్లోరెస్ ఒక పాటను మళ్లీ పాడితే, 1933 తరువాత అదే మొదటిసారి అని పత్రికలు రాశాయి.

ఐదో, ఆరో రోజులు: బుస్సేతో, మోదెనా

రొంకోలె పల్లెలో వెర్డీ పుట్టిన ఇల్లు, ఆయన బాల్యంలో ఆర్గన్ వాయించిన చర్చి, బుస్సేతో పట్టణంలో ఆయన పేరిట 1868లో కట్టిన 300 సీట్ల బుల్లి రంగశాల ఒక పూటలో చూడవచ్చు. తన పేరుతో రంగశాల కట్టడం వెర్డీకి బొత్తిగా ఇష్టం లేదు. డబ్బు ఇచ్చారు గాని ప్రారంభానికి రాలేదు. మధ్యాహ్నం పో నది తీరాన ఒక పాత నేలమాళిగలో, తేమ గాలికి నెలల తరబడి మాగే కులతెల్లో అనే పంది మాంసాన్ని కాగితమంత పలుచగా కోసి పెట్టారు. ఈ నది పొగమంచు లేకపోతే ఆ రుచి రాదని అక్కడివారి మాట.

మోదెనాలో సంప్రదాయ బాల్సమిక్ వినెగర్‌ను అటకల మీద తయారు చేస్తారు. ఉడికించిన ద్రాక్షరసాన్ని, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరుసగా పేర్చిన వేర్వేరు కలపల పీపాల్లో పోసి, ఏటా చిన్న పీపా నుంచి కొంత తీసి, ఆ లోటును దాని ముందున్న పీపా నుంచి పూడ్చుతారు. వేసవి ఎండకు, చలికాలపు చలికి అటక పూర్తిగా తెరిచే ఉంటుంది. కనీసం 12 ఏళ్లు. మరింత మాగినదానికి 25 ఏళ్లు. చెంచా అంచు నుంచి చుక్క జారడానికి కాసేపు పట్టింది. పులుపు, తీపి, కలప వాసన ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఒపెరా గాయకులు పావరొత్తీ, మిరెల్లా ఫ్రేనీ ఇద్దరూ 1935లో ఈ ఊరిలోనే పుట్టారు. ఊరి రంగశాలకు ఇప్పుడు ఆ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మోదెనా భోజనం మాత్రం అవసరానికి మించి సాగింది. వంటకాలు పెరిగేకొద్దీ ఒక్కొక్కదాని మీద శ్రద్ధ తగ్గుతుంది. సాయంత్రం రైలులో వెనిస్ చేరాము.

ఏడో రోజు: వెనిస్

సాన్ రొక్కో సంఘ భవనంలో తింతొరెత్తో 1564 నుంచి 1587 దాకా గోడలను, కప్పులను చిత్రాలతో నింపారు. కప్పు చిత్రాలను మెడ నొప్పి లేకుండా చూడడానికి అద్దాలు ఇస్తారు. పక్కగదిలో గోడంతా పరుచుకున్న శిలువ చిత్రంలో నిచ్చెనలు, తాళ్లు, గొడ్డళ్లు పట్టిన కూలీల శ్రమను ఆయన చూపిన తీరు ఆ దారుణాన్ని మరింత దగ్గరకు తెచ్చింది.

లా ఫెనిచే 1792లో తెరుచుకుంది; 1836లో కాలి, మరుసటి ఏడాదే మళ్లీ నిలిచింది. 1996 జనవరి 29న పని ఆలస్యమైనందుకు జరిమానా తప్పించుకోవాలని ఇద్దరు ఎలక్ట్రీషియన్లు పెట్టిన మంటకు పూర్తిగా బూడిదైంది. దగ్గరి కాలువను శుభ్రపరచడానికి నీరు తోడేసి ఉండడంతో అగ్నిమాపక పడవలు చేరలేకపోయాయి. పాత ఫొటోలు, ఒక పాత సినిమాలోని దృశ్యాలు ఆధారంగా పూర్వరూపంలో తిరిగి కట్టి, 2003 డిసెంబరులో తెరిచారు. 2004లో ఒపెరాలు మళ్లీ మొదలైనది ‘లా త్రవియాతా’తో. ఆ ఒపెరా 1853 మార్చి 6న ఇక్కడే తొలిసారి ప్రదర్శితమై విఫలమైంది. సమకాలీన దుస్తుల్లో చూపాలన్న వెర్డీ కోరికను కాదని కథను 1700 ప్రాంతానికి నెట్టారు. మరుసటి ఏడాది ఇదే వెనిస్‌లో మరో రంగశాలలో అది గెలిచింది.

మా సీట్ల నుంచి వయొలిన్ల వరుస స్పష్టంగా కనబడింది. మొదటి స్వరాలకు కమానులు తీగల మీద ఆనీ ఆననట్టు కదిలాయి. చివరి అంకంలో క్షయతో మంచం పట్టిన వియొలెత్తా, ప్రియుడి తండ్రి పంపిన ఉత్తరాన్ని పాడదు, చదువుతుంది; తొలి రాత్రి ప్రేమగీతం వాద్యాల్లో మెల్లగా వినబడుతుంటుంది. సాయంత్రమంతా పాడిన గొంతు ఒక్కసారి మామూలు మాటలోకి దిగితే, ఆమెకు ఇక పాడే శక్తి లేదని వినేవారికి తెలిసిపోతుంది. ఆ ఉత్తరాన్ని మధ్యాహ్నం మాతో రెండుసార్లు చదివించడంలోని ఉద్దేశం అప్పుడు అర్థమైంది.

ప్రదర్శన తరువాత అర్ధరాత్రి దాటాక తిన్నవి: శరత్తులో కొద్ది వారాలే దొరికే మెత్తటి పెంకు పీతల వేపుడు నాకు, త్రెవీజో ఎర్ర రదిక్కియో ఆకులతో చేసిన రిసొట్టో నా భార్యకు.

ఎనిమిదో రోజు: వెనిస్

విమానానికి ముందు ఫ్రారీ చర్చికి వెళ్లాము. ప్రధాన పీఠం మీద టిషియన్ 1516 నుంచి 1518 దాకా వేసిన స్వర్గారోహణ ఉంది, సుమారు 7 మీటర్ల ఎత్తు. పార్మా గుమ్మటంలోనిదీ ఇదే సన్నివేశం. కొర్రెజ్జో మనల్ని ఆకాశంలోకి లాక్కుపోతారు. టిషియన్ మనల్ని నేల మీద అపొస్తలుల పక్కనే నిలబెట్టి, అందని ఎత్తుకు చేతులు చాపిస్తారు. రెండింటిలో నాకు టిషియనే ఎక్కువ నచ్చారు. ఒక పక్క చాపెల్‌లో, నేలలోని రాతిపలక కింద మొంతెవెర్దీ ఉన్నారు. పార్మాలో ఆ యువ ప్రభువు పెళ్లికి సంగీతం కట్టిన ఆయన, 1637లో ఈ ఊరిలోనే సాన్ కసియానో రంగశాల టికెట్టు కొన్న ఎవరికైనా ఒపెరా చూపడం మొదలుపెట్టినప్పుడు వయసు మళ్లిన మనిషి. 1643లో మరణించేలోపు ఆ కొత్త ప్రేక్షకుల కోసం కూడా ఒపెరాలు రాశారు.

ఈ దారిలో వెళ్లాలనుకునేవారు లాస్ట్ సప్పర్ టికెట్టును అన్నిటికంటే ముందు చూసుకోవాలి, అవి నెలల ముందే అయిపోతాయి. ఆ తేదీ చుట్టూనే మూడు రంగశాలల టికెట్లను, ఆ తరువాత హోటళ్లను అమర్చుకోవాలి. బ్రెరాకు పూర్తి పూట కేటాయించి, మోదెనా భోజనాన్ని కుదించుకుంటే మేలు.